పాతరలో దీపము: బ్రౌనుదొర కూర్చిన వేమన పద్యములపై ఒక విమర్శ



సామెతల గ్రంథము ఇరువది యయిదవ అధ్యాయము తెరచినప్పుడు మొదటి వచనమును మనలో చాలమంది ఆగకుండ దాటిపోవుదుము. అందులో ఉపదేశము లేదు, హెచ్చరిక లేదు. ముందున్న మాటలు సొలొమోను నోటివే గాని, వాటిని నకలు చేసి కూర్చినది హిజ్కియా రాజు కొలువులోని మనుష్యులని తెలుపు చిన్న గమనిక మాత్రమే కలదు. అయితే ఆ గమనికలో గొప్ప సంగతి యొకటి దాగియున్నది. సొలొమోనునకును హిజ్కియాకును నడుమ రెండు వందల ఏండ్లకు పైగా గడచెను. రాజ్యము రెండుగా చీలెను. హిజ్కియా దినములలో ఉత్తర రాజ్యము అష్షూరువారి దెబ్బకు కూలిపోయెను. అట్టి గడ్డుకాలములో కొందరు కూర్చుండి పాత మాటలను వెదకిరి, సరిచూచిరి, వ్రాసిరి. వారి పేర్లు మనకు తెలియవు. వారు ఆ పని చేయకపోయినయెడల 25 మొదలు 29 వరకు గల అయిదు అధ్యాయములు నేడు మన చేతిలో ఉండెడివి కావేమో.

జ్ఞానము సంపాదించుకొనవలెనని మనము తరచుగా ప్రసంగింతుము. దానిని ఎవరి నోటనుండి ఏరుకొనవలెను, ఎట్లు పరీక్షింపవలెను, మరియొకరి చేతికి ఎట్లు అందింపవలెను అను సంగతులను గూర్చి తక్కువగా మాటలాడుదుము. ఈ నెల ఆ విషయమును ఒక పుస్తకము మూలముగా మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను. అది చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర 1829లో అచ్చు వేయించిన వేమన పద్యముల సంపుటము. ఆ దొరకును మన కడపకును గల సంబంధము మీలో అనేకులు ఎరిగినదే. అందులో మెచ్చదగినదానిని మెచ్చుదము. లోపము కనబడిన చోట లోపమని చెప్పుదము. ఆ మీదట అది మన సంఘములను ఏమి అడుగుచున్నదో చూతము.

“వేమన పద్యములకు మన పత్రికలో చోటేల?” అని కొందరు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో నిలిచి మాటలాడినప్పుడు గ్రీకు కవుల మాటను ఎత్తుకొనుటకు సంకోచింపలేదు. సామెతల గ్రంథములోనే ఆగూరు మాటలును, లెమూయేలు అను రాజునకు అతని తల్లి నేర్పిన మాటలును చేర్చబడియున్నవి. ఆ లెమూయేలు ఇశ్రాయేలు రాజుల వరుసలో గాని యూదా రాజుల వరుసలో గాని కానరాడు. ఐగుప్తులో అమెనెమోపె అను ఉద్యోగి తన కుమారునికి చేసిన ఉపదేశమొకటి 1923లో ప్రకటింపబడినప్పుడు, సామెతల 22, 23 అధ్యాయములలోని కొన్ని మాటలకు దానితో దగ్గరి పోలిక యున్నదని పండితులు కనుగొనిరి. పొరుగువాని కళ్లములోని మంచి గింజను చూచి దేవుని ప్రజలు ముఖము త్రిప్పుకొనలేదు. ఏరిరి, చెరిగిరి, దైవభయమను గాదెలో పోసికొనిరి.

పుస్తకము వచ్చిన త్రోవ

బ్రౌనుదొర 1798లో కలకత్తాలో పుట్టెను. తండ్రి డేవిడ్ బ్రౌను పాదిరిగారు. కుమారుడు 1817లో కుంఫిణీ కొలువునకై చెన్నపట్టణము వచ్చి, అక్కడ వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు అక్షరములు దిద్దెను. 1820లో ఉద్యోగముమీద కడపకు వచ్చెను. పరిపాలించుటకు వచ్చినవాడు పలక పట్టుకొని కూర్చుండవలసి వచ్చెను. ఇది మొదట గుర్తింపవలసిన సంగతి. నేర్చుకొనువాడు ఎంత గొప్ప కుర్చీలో కూర్చుండినను, నేర్చుకొను గడియలో క్రిందికి దిగవలసినదే.

వేమన పేరు ఆయనకు మొదట తెలిసినది పండితుల వలన కాదు. మైసూరు సీమలో పనిచేసిన అబే ద్యుబ్వా అను ఫ్రెంచి కతోలిక గురువు ఈ దేశపు ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథములో వేమన ప్రస్తావన యుండెను. 1824లో బ్రౌను అది చదివి, ఈ వేమన యెవరని వెదకనారంభించెను. ఆ కాలపు పండితులు వేమనను కవుల వరుసలో చేర్చలేదు. ఆయన పలుకు పల్లెటూరి పలుకు. ఆయన ఛందస్సు ఎక్కువగా ఆటవెలది. ఆయన వ్యంగ్యము గొప్ప కులములవారిని, గొప్ప గురువులను సూటిగా తాకెను. పండితులు విడిచినను రైతు నాగలి పట్టినప్పుడును, జంగము భిక్షకు వచ్చినప్పుడును, పంచాయతీలో పెద్దమనిషి తీర్పు చెప్పునప్పుడును ఆ పద్యములు పలుకబడుచుండెను. జ్ఞానము ప్రజల నోట నుండెను; చదువుకొన్నవారి పెట్టెలో లేకపోయెను.

బ్రౌను తాటాకు ప్రతులను తెప్పించెను. ఒక ప్రతిలో నున్న పద్యము మరియొక ప్రతిలో వేరు తీరుగా నుండుట చూచి, పండితులచేతను లేఖకులచేతను సరిచూపించెను. 1826లో మరల కడపకు వచ్చిన తరువాత ఆయన బంగళా ఒక పాఠశాలవలె మారెను. తన జీతములోనుండి పండితులకు జీతములిచ్చెను; చాలనప్పుడు అప్పు చేసెను. 1829లో 693 పద్యములు తెలుగు మూలముతోను ఆంగ్లానువాదముతోను వెలువడెను. అంతటితో ఆయన తృప్తిపడలేదు. పది సంవత్సరముల తరువాత, 1839లో, 1164 పద్యములతో పెద్ద సంపుటమును వేయించెను. 1852లో ఆయన తెలుగు నిఘంటువు చెన్నపట్టణము వేపేరిలోని క్రైస్తవ జ్ఞాన సంఘపు ముద్రాక్షరశాలలో అచ్చయ్యెను. ఆయన 1884లో లండనులో మరణించెను. కడపలో ఆయన బంగళా ఉండిన చోట నేడు ఆయన పేరనే భాషా పరిశోధన కేంద్రమును గ్రంథాలయమును ఉన్నవి. అదే కడపలో 2006లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమునకు యోగి వేమన పేరు పెట్టబడెను. పండితుల బల్లయొద్ద చోటు దొరకనివానికి ఇట్లు చోటు దొరికెను.

మెచ్చదగినవి

ఈ సంపుటమునందలి మొదటి గుణము, అది తక్కువవారని తలపబడినవారి నోటి మాటను విలువగలదిగా ఎంచినది. చెప్పువాని బట్టను చూడక, చెప్పిన మాటను చూచుటకు వినయము కావలెను. బ్రౌనుదొరకు అధికారపు గర్వము బొత్తిగా లేదని నేననను. అయితే ఈ ఒక్క విషయములో ఆయన చెవి ఆయన కుర్చీకంటె క్రిందనే యుండెను. అదియే ఆయనకు మేలు చేసెను.

రెండవ గుణము ఓర్పు. మొదటి కూర్పునకును రెండవదానికిని నడుమ పది యేండ్లు పట్టెను. అచ్చయిన పుస్తకమును చూచి “పని ముగిసినది” అనక, ఇంకను వెదకెను. నేడు మన చేతిలోని సెల్‌ఫోనులో తెల్లవారకముందే ఇరువది వాక్యములు వచ్చి పడును. చదువకయే మరి ఇరువది మందికి పంపుదుము. పంచితిమి అనుకొందుము. నేర్చుకొననిదానిని పంచుట పంచుట కాదు. అది చేయి మార్చుట మాత్రమే. హిజ్కియా మనుష్యులు చేతితో వ్రాసిరి. చేతితో వ్రాయువాడు ప్రతి మాటయొద్దను ఒక్క క్షణమైనను నిలువవలసియుండును.

మూడవది, ఆయన పద్యమును పద్యముగా నిలిపెను. అర్థమును మాత్రము తీసికొని మాటను పారవేయలేదు. వేమన ఆటవెలదిని చూడుడి: అనేక పద్యములలో మొదటి రెండు పాదములు సంగతి చెప్పును, మూడవది వంటింటినుండియో పొలమునుండియో ఒక పోలిక తెచ్చి ఆ సంగతిని మేకువలె దిగగొట్టును, నాల్గవది మకుటము. అక్షరము రాని రైతు ఒకమారు విని ఇంటికి తీసికొనిపోగలడు. సోదరులైన కాపరులారా, ఉపదేశులారా, మన ప్రసంగములను ఈ కొలబద్దతో ఒకసారి కొలిచికొందము. గంటసేపు చెప్పిన మాటలో ఒక్కటియైనను కూలికి పోవు అక్క తన కొంగున కట్టుకొని పోగల తీరులో ఉన్నదా? మన ప్రభువు ఆవగింజ, పులిసిన పిండి, తప్పిపోయిన గొఱ్ఱె అను మాటలతో బోధించెను. ఆయన పలుకు మోసికొనిపోదగినదై యుండెను.

లోపములు

మన సీమలో జొన్నలను పాతరవేయు పద్ధతి మీ పెద్దలు ఎరుగుదురు. నేలలో గొయ్యి త్రవ్వి, చుట్టును గడ్డి పరచి, గింజలు పోసి, పైన మన్ను కప్పెడివారు. కరవు వచ్చినప్పుడు ఆ పాతరయే ఊరిని బ్రదికించెను. అయితే చాలకాలము మూసియుంచిన పాతరలో చెడుగాలి నిలుచును. మూత తీసిన వెంటనే దిగినవాడు ఊపిరాడక చచ్చును. కనుక పెద్దలు మూత తీసి, గాలి సోకనిచ్చి, ముందు ఒక దీపమును త్రాడుతో దింపి చూచెడివారు. దీపము వెలుగుచున్నయెడల మనిషి దిగును, ఆరిపోయినయెడల ఆగును. దీపము ఆరినదని గింజను తగులబెట్టరు. గింజ యున్నదని గ్రుడ్డిగా దూకరు. పాత జ్ఞానమును చేపట్టుటకు ఇంతకంటె మంచి పాఠము నాకు తెలియదు. వాక్యమే మన దీపము. దానిని ఈ పుస్తకములోనికి దింపి చూతము.

మొదట కూర్పరి పనిని చూతము. వేమన ఎప్పటివాడో తేలలేదు. పదునేడవ శతాబ్దమువాడని అనేకుల అభిప్రాయము. ఆయన సమాధి కదిరి దగ్గర కటారుపల్లెలో నున్నది. పద్యములు తరతరములు నోటిమీద తిరిగినవి గనుక, వేమన చెప్పినదేది, ఇతరులు చెప్పి ఆయన మకుటము తగిలించినదేది అని విడదీయుట కష్టము. బ్రౌను ప్రతులను పోల్చెను గాని, 1164లో ప్రతిదియు వేమనదేయని నమ్మించుటకు ఆధారము చాలదు. ఆయన అనువాదము ఆంగ్లేయునికి అర్థమును చెప్పును. కాని మూడవ పాదములోని ఆ మేకు దెబ్బ అందులో వినబడదు.

దీనికంటె పెద్ద లోపము మరియొకటి కలదు. ప్రతులను సరిచూచినవారు, సందేహములు తీర్చినవారు మన దేశస్థులైన పండితులు. జూలూరి అప్పయ్య మొదలైనవారు ఆయన యొద్ద పనిచేసిరి. కడపలోని ఆయన గృహ వ్యవహారమును అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూచెను. పుస్తకములు మాత్రము బ్రౌను పేరనే లోకమునకు తెలిసినవి. ఆ పండితుల పేర్లు నేడు పరిశోధకులకు తప్ప ఎవరికి తెలియును? మనయొద్దను ఇదియే జరుగుచున్నది. సంఘములో ఒక ముసలమ్మ చెప్పిన మాట పాస్టరుగారి ప్రసంగములో వచ్చును. ఆ మాట పాస్టరుగారిదై పోవును. జ్ఞానమును తీసికొని, ఇచ్చినవాని పేరును విడిచిపెట్టుట న్యాయము కాదు. సామెతల గ్రంథము ఆగూరు పేరును దాచలేదు. లెమూయేలు తల్లిని రాజు నీడలో మరుగుపరచలేదు.

ఇక పద్యముల సంగతి. స్త్రీలను చులకన చేయు పద్యములు ఈ సంపుటములో ఉన్నవి. వాటిని వేమనవే యన్నను, మరియొకరివి యన్నను, దీపము అక్కడ ఆరిపోవును. వాటిని మనము పాడరాదు, పెండ్లి పందిళ్లలో నవ్వులకై పలుకరాదు.

మన సంఘములకు మిక్కిలి దగ్గరగా తాకు సంగతి కులము. ఒక పద్యములో వేమన, మాలవానిని నిందించుట యెందుకని నిలదీయును. ఎల్లవారి దేహములలోను ఉన్నది ఒకే నెత్తురు, ఒకే మాంసము గదా, లోపలనుండి పలుకు వానికి ఏ కులము పెట్టుదువు అని అడుగును. ఆ కాలములో ఈ మాట అనుటకు ఎంత ధైర్యము కావలెనో ఊరి వెలుపల పేటలలో పుట్టి పెరిగిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మనుష్యులందరు ఒక్కనినుండి కలుగజేయబడిరని పౌలు ఏథెన్సులో చెప్పిన మాటకు ఇది దూరము కాదు. ఇక్కడ దీపము చక్కగా వెలుగుచున్నది.

మరియొక పద్యములో ఆయన, పుట్టుకచేత ఎవడును మాల కాడు, ఆడి తప్పినవాడే మాల అను అర్థము వచ్చునట్లు చెప్పును. మొదట వినుటకు ఇదియు మనకు అనుకూలముగానే తోచును. ఆగి ఆలోచింపుడి. పుట్టుకను బట్టి నిందింపవద్దనుచునే, ఆ పేరును తిట్టుగానే నిలిపెను. అబద్ధికునికి పెట్టుటకు ఆయనకు దొరికిన చెడ్డపేరు మన తాతల పేరే. మనలను కాపాడబోయిన చేతికే ఆ మురికి అంటుకొనియున్నది. ఇది వేమన యొక్కని తప్పు కాదు. ఆయన పుట్టిన సమాజపు భాషయే అట్టిది. అయినను విమర్శకుడు దీనిని చూడకపోరాదు. మంచి మనస్సుతో చెప్పిన మాటయైనను ఎవరిని గాయపరచునో చూచుకొనవలెను. మనమును “కుష్ఠరోగివంటి పాపి,” “గ్రుడ్డివాని వంటి అవిశ్వాసి” అని ప్రసంగములలో సులువుగా అందుము. ఆ మాట వినుచు వెనుక చాపమీద కూర్చున్నవారిలో అట్టి శరీరబాధ గలవారు ఉండవచ్చును గదా!

మనవైపు త్రిప్పిన అద్దము

వేమన పద్యమును క్రైస్తవ బోధకులు వీధి ప్రసంగములలో వాడుట పాత అలవాటే. విగ్రహములను, ఆడంబరపు ఆచారములను పరిహసించు పద్యములు వారికి చేతికి దొరికిన రాళ్లవలె నుండెను. ఇక్కడ మన వాడుకను కూడ విమర్శింపవలెను. ఒక పుస్తకములోనుండి పొరుగువానిని కొట్టు మాటలను మాత్రము ఏరుకొని, మనలను కొట్టు మాటలను విడిచిపెట్టుట నేర్చుకొనుట కాదు.

వేమన ఏ మతపు గురువునైనను విడువడు. తాను తెలిసికొననిది ఇతరులకు బోధించువాడు, పొట్టకొరకు భక్తివేషము వేయువాడు, లోపల ఒకటి బయట ఒకటి గలవాడు ఆయన చురకకు గురియగుదురు. లోపలి మనస్సు శుద్ధి కానప్పుడు బయటి ఆచారమువలన లాభము లేదని, కడుగని కుండలో వండిన వంటను పోలికగా తెచ్చి ఒక ప్రసిద్ధ పద్యములో చెప్పెను. గిన్నెకును పళ్లెమునకును వెలుపల తోమి లోపల విడిచిపెట్టు పరిసయ్యులను గూర్చి మన ప్రభువు పలికిన మాట మత్తయి 23లో ఉన్నది. రెండు మాటలును వంటింటినుండియే వచ్చెను. ప్రభువు ఆ మాటను అన్యులతో అనలేదు. ప్రార్థన చేయువారితో, ధర్మశాస్త్రము నేర్పువారితో అనెను. కాబట్టి ఈ పద్యమును ఊరి దేవళము వైపు త్రిప్పి చదువుటకు ముందు మన గుడి వైపు, మన మనస్సు వైపు త్రిప్పి చదువవలెను.

వేమనకును క్రీస్తునకును ఉన్న భేదమును కూడ దాచనక్కరలేదు. వేమన చూచెను, నవ్వెను, గద్దించెను, ముందునకు సాగిపోయెను. సత్యమును చెప్పి, చెప్పిన ఊరిని విడిచిపోవుట విరాగికి తగును. ప్రభువు అట్లు పోలేదు. గద్దించిన ఆయనయే తువాలు నడుమునకు కట్టుకొని గద్దింపబడినవారి పాదములు కడిగెను. వారికొరకు ప్రాణము పెట్టెను. జ్ఞానము ప్రేమగా మారి నిలిచినది అక్కడ. పరలోకపు జ్ఞానము పవిత్రమైనదని, శాంతికరమైనదని, కనికరముతో నిండినదని యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయములో చెప్పుచున్నాడు. ఇది వేమనను తక్కువ చేయుటకు అనుట లేదు. పదునైన నాలుకయే జ్ఞానమని తలంచు మన సంఘపు వాదులాటలకు ఇది అవసరమైన మాట.

మన ఊళ్లలోని పాతరలు

ఇంతవరకు పుస్తకము సంగతి. ఇప్పుడు మన సంగతి. సెమినరీలో మేము నేర్చిన హెబ్రీ మాటలలో “హొక్మా” యొకటి. మన బైబిలులో దానిని జ్ఞానమని చదువుదుము. ఆ మాట రాజుల తెలివికి మాత్రమే చెప్పబడలేదు. గుడారపు పని చేసిన బెసలేలు చేతి నేర్పునకును అదే మాట చెప్పబడెను. కనుక నేత నేసినవాని చేతిలోను, వాన రాక యెరిగి విత్తువాని కంటిలోను, పురుడు పోయు మంత్రసాని వ్రేళ్లలోను, తగవు తీర్చు పెద్దమ్మ నోటిలోను దేవుడిచ్చిన జ్ఞానము ఉండవచ్చును.

మా ప్రాంతపు ఒక పల్లెలో ఇద్దరు అన్నదమ్ములు ఉమ్మడి బావి నీళ్ల వంతులకై రెండేండ్లు మాటలాడుకొనలేదు. ప్రభురాత్రి భోజనమునకు ఇద్దరును రాకపోయిరి. సమాధానమును గూర్చి వారికి బోధకులు చెప్పిన ప్రసంగములు అనేకము. ఒకనాడు అక్షరము రాని ఒక అవ్వ వారిని పిలిచి, “ఒరే అబ్బీ, వంతులు పెద్దోడు యెయ్యాల. ముందు ఏరుకునేది చిన్నోడు. అబ్రాము లోతుకు అట్లనే ఇచ్చినాడంట గదా!” అనెను. వంతులు వేయువాడు తనకు ఏది మిగులునో తెలియనందున సమముగానే వేయును. ఏరుకొనువాడు తానే ఏరుకొనెను గనుక సణుగడు. తగవు తీరెను. ఆదికాండము పదమూడవ అధ్యాయమును ఆ అవ్వ చదువలేదు. ఎవరో చదువగా ఎప్పుడో వినెను. విన్నదానిని దాచుకొని, తగిన వేళ తీసి పెట్టెను. ఇంతకంటె గొప్ప వేదవ్యాఖ్యానము ఏ కళాశాలలో దొరకును?

అట్టి అవ్వలు, తాతలు ప్రతి సంఘములోను ఉన్నారు. మిషనెరీల కాలపు సంగతులు తమ తల్లిదండ్రుల నోట విన్నవారు, వ్రాతలో లేని కీర్తనలు పాడువారు, కరవులో సంఘము ఎట్లు గంజి పంచుకొనెనో ఎరిగినవారు వీరిలో ఉన్నారు. వారిని మనము వెనుక వరుసలో కూర్చుండబెట్టి, ముందు నిలిచి వారికి బోధించుచున్నాము. వారు సమాధిలోనికి దిగునప్పుడు వారితో కూడ ఒక పాతర మూయబడును. అది మరల తెరువబడదు. వేమనకు ఒక బ్రౌను దొరికెను. మన అవ్వలకు ఎవరున్నారు?

ఎఫెసులో అపొల్లో మాటనేర్పు గలవాడై, లేఖనములందు ప్రవీణుడై మాటలాడుచుండగా, డేరాలు కుట్టు ప్రిస్కిల్లయు అకులయు విని, ఆయనకు తక్కువైనది చూచిరి. అందరిలో సిగ్గుపరచలేదు, ఇంటికి పిలిచి విశదపరచిరి. ఆ విద్వాంసుడు చేతిపనివారి యింట విద్యార్థియై కూర్చుండెను. తరువాత ఆయన అకయలోని విశ్వాసులకు ఎంతో సహాయపడెనని లూకా వ్రాయుచున్నాడు. నేర్పినవారికిని వినయము ఉండెను, నేర్చినవానికిని వినయము ఉండెను. అందువలన సముద్రము ఆవలి సంఘము లాభపడెను.

కాబట్టి సంఘపు పెద్దలారా, యౌవనులారా, ఒక చిన్న పనిని మీ యెదుట ఉంచుచున్నాను. మీ ఇంటి కూటములలో నెలకు ఒకమారు పావుగంట సేపు ఒక వృద్ధుని గాని వృద్ధురాలిని గాని మాటలాడనియ్యుడి. బోధకుడు ఆ పావుగంట నోరు మూసికొని వినవలెను. చదువుకొన్న యౌవనులలో ఒకరు ఆ మాటలను నోటుపుస్తకములో, వారు పలికిన యాసలోనే, దిద్దక వ్రాయవలెను. పైన వారి పేరు వ్రాయవలెను. తరువాత ఆ మాటను లేఖనముతో పోల్చి అందరును పరీక్షింపవలెను. అన్నిటిని పరీక్షించి మేలైనదానిని పట్టుకొనుడని థెస్సలొనీకయులకు వ్రాసిన అపొస్తలుని హితవు పెద్దలమాటకును వర్తించును, పాస్టరుమాటకును వర్తించును. పనికిరానిది తేలినయెడల గౌరవముతో ప్రక్కన పెట్టవలెను. మేలైనది ప్రక్క ఊరి సంఘమునకు చదివి వినిపింపవలెను.

దీనికి ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఒక కలము, వినగోరు చెవి చాలును. పండ్రెండేండ్ల వయస్సున మన ప్రభువు దేవాలయములో బోధకుల నడుమ కూర్చుండినప్పుడు మొదట చేసిన పని వినుట, ఆ పిమ్మట ప్రశ్నించుట. సర్వజ్ఞాన నిధియైన ఆయనకు లేని తొందర మనకెందుకు?

మూసియుంచిన గింజ కరవు తీర్చదు. పరీక్షింపని గింజ ప్రాణము నిలుపదు. దీపము చేతబట్టుకొని పాతర తెరువుడి. దొరికినదానిని ఇంటింటికి కొలిచి పెట్టుడి. కొలుచునప్పుడు ఆ గింజను పండించినవారి పేరు చెప్పుట మరువకుడి. జ్ఞానము కొదువగా నున్నవారికి ఉదారముగా అనుగ్రహించు దేవుడు మన ఊళ్లలోని వృద్ధులకు మాటను, యౌవనులకు వినికిడిని, మనకందరికి వినయమును దయచేయును గాక. ఆమేన్.